‘ఏం గాదు’ అనే ముందు

ఫలక్‌నుమాలో మా గల్లీ పిల్లల్లో సగం మందికి బొడ్డు కోసిన పెద్దమ్మ మొన్న పొద్దున కన్నుమూసింది. కబురు చెప్పడానికి వచ్చిన ఆమె కోడలు మా గుమ్మంలోనే కూలబడింది. ఓదార్చబోయి, నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. అది పెద్దమ్మ మాట. ఏం గాదు.

మా వైపు ఆ మాట అననివాళ్లు ఎవరు? బస్సు తప్పిపోతే ఏం గాదు, పాలు విరిగిపోతే ఏం గాదు, పిల్లాడు పరీక్ష తప్పినా ఏం గాదు. అనేసి ఎవరి పనిలో వాళ్లు పడతారు. మంత్రసాని పని చేసే పెద్దమ్మ మాత్రం ఆ మాట దగ్గర మహా పిసినారి. ఏ ఇంటికి వెళ్లినా ముందు చేతులు కడుక్కుని, ఆముదం రాసుకుని, కళ్లు మూసుకుని కడుపంతా తడిమేది. అప్పటిదాకా ఎవరేమడిగినా పలికేది కాదు. ఆ తర్వాత “ఏం గాదు బిడ్డా” అనేది. అది వినగానే ఇంట్లో మగవాళ్లు నిశ్చింతగా చాయ్ తాగడానికి వెళ్లిపోయేవారు.

నా మొదటి కాన్పుకు మూడుసార్లు తడిమింది. ఆ మాట మాత్రం రాలేదు. నొప్పులు పడుతూనే ఆమె కొంగు పట్టుకున్నాను.

“ఒక్కపారి అను పెద్దమ్మా.”

“ఇప్పుడనలేను బిడ్డా. పిల్ల అడ్డం తిరిగింది. దవాఖానకు పోవాలె.”

ధైర్యం చెప్పమని పిలిస్తే భయపెడుతోందని మా అత్త ఆడిపోసుకుంది. ఇంకొకరిని పిలిపిస్తానంది. పెద్దమ్మ తానే వెళ్లి రిక్షా తెచ్చి, నన్ను ఎక్కించి, పక్కన కూర్చుంది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల రద్దీలో రిక్షా ఆగిపోతే కిందికి దిగి, జనాన్ని పక్కకు జరుపుతూ ముందు నడిచింది. ఆ దారి పొడుగునా నాకు ఆమె మీద పీకలదాకా కోపం. ఆ ఒక్క మాట అంటే ఆమె సొమ్మేం పోయిందని.

అని ఉంటే మావాళ్లు నన్ను గడప దాటనిచ్చేవారు కాదు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరమూ దక్కేవాళ్లం కాదని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను ఉన్నానంటే, అది ఆమె పెట్టిన భిక్ష.

నాకు మెలకువ వచ్చేసరికి వార్డులోకి మధ్యాహ్నపు ఎండ పడుతోంది. పెద్దమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో నా కూతురు. పసిదాన్ని తల నుంచి కాలివేళ్ల దాకా మెల్లగా తడిమి చూసి, నా వైపు తిరిగింది. ఆ మాట అనబోయింది. “ఏం...” దగ్గరే ఆగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.