బంగారు రంగు గీకిన డబ్బాలు

అది 2022, వానాకాలం. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ వస్తువులను పరీక్షించే ఒక ల్యాబ్‌లో నేను ఇంజినీర్‌ని. ఇలాంటి ప్రతి వస్తువూ కంటికి కనిపించని తరంగాలను కొంత బయటికి వదులుతుంది. దాన్ని ఎమిషన్ అంటాం. అది హద్దు దాటితే పక్కనున్న రేడియోలు, మైకులు గరగరమంటాయి. ఆ హద్దును కొలవడమే నా పని.

ధూల్‌పేట్ నుంచి నర్సింగ్‌రావు గారు ఒక ఇనుప డబ్బాను పసిబిడ్డలా ఎత్తుకొచ్చారు. వినాయక మండపాల్లో లైట్లను ఆడించే కంట్రోలర్ అది. లండన్‌లోని మనవాళ్ల మండపాలకు కావాలట. ఆయన వర్క్‌షాపుకు అదే మొదటి విదేశీ ఆర్డర్, పండుగ లోపు చేరకపోతే పోయినట్టే. విగ్రహాలకు రంగులేసే ఆయన భార్య లక్ష్మమ్మ గారు డబ్బాకు లోపలా బయటా, మూత అంచులతో సహా, బంగారు రంగు పూశారు. నియమాల ప్రకారం ఉందని చెప్పే లేబుల్ కూడా అప్పుడే అంటించేశారు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. పరీక్ష కాకముందే లేబుల్ ఏందన్నా?" అన్నాను.

"పాసైతది గద మేడమ్, ఫికర్ ఎందుకు!"

ఫెయిలైంది. తప్పు ఆ అందమైన రంగుదే. మూత, డబ్బా లోహానికి లోహం తగిలితేనే తరంగాలు లోపల ఆగుతాయి. అదే షీల్డింగ్. మధ్యలో రంగు పొర ఉంటే సందుల్లోంచి జారుకుంటాయి. గరుకు కాగితంతో అంచులు గీకించి మళ్లీ పెడితే శుభ్రంగా పాసైంది. నాకే ఈల వేయాలనిపించింది.

"ఇగ స్టాంపు గుద్దుండ్రి."

"మేం రిపోర్టు మాత్రమే ఇస్తామన్నా. సరుకు నియమాల ప్రకారం ఉందని సంతకం పెట్టాల్సింది తయారుచేసిన మీరే. సెల్ఫ్ డిక్లరేషన్ అంటారు."

"నేనా? నా మాట గా లండనోళ్లు నమ్ముతరా?"

"నమ్ముతారు. రేపు తేడా వస్తే అడిగేదీ మిమ్మల్నే."

ఆయన ముఖం వాడిపోయింది. "ఇంట్ల ప్యాకైనయన్నిటికి గిదే రంగేసినం మేడమ్" అంటూ వెళ్లిపోయారు.

నిజం చెప్పాలంటే ఈ పద్ధతి దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అని నా అభిప్రాయం. పాసైన ఒక్క నమూనా చూపించి మిగతా సరుకు తోసేసేవాళ్లను చాలామందిని చూశాను. ఈయన ఏం చేస్తారో చూద్దామని రిపోర్టు పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను.

వాకిలి నిండా విప్పిన పెట్టెలు. రంగులేసే ఆడవాళ్లంతా కూర్చుని అంచులు గీకుతున్నారు. ఒకటే నవ్వులు.

"ఏసినప్పుడు మస్తుందన్నడు. ఇప్పుడు నాతోనే గీకిస్తుండు సూడమ్మా, ఏం మనిషో!" అన్నారు లక్ష్మమ్మ గారు, గీకుతూనే.

"పాసైన డబ్బా ఉంది కదన్నా, ఇవన్నీ విప్పితే పండుగకు అందకపోతే?" అని అడిగాను.

"అందకపోతే వచ్చే ఏడాది పంపుత. సంతకం నాది గద మేడమ్."

నేనూ ఒక డబ్బా అందుకుని కూర్చున్నాను. అన్నీ అయ్యాక ఆయన చేతులు కడుక్కుని, తండ్రి పేరుతో సహా పూర్తి పేరు రాసి సంతకం పెట్టారు. సరుకు పండుగ ముందురోజు చేరింది.

ఇప్పుడు సెల్ఫ్ డిక్లరేషన్ కాగితం ఎవరి ముందు పెట్టినా నేను ఒక్కటే అడుగుతాను, "ఇంట్లో ప్యాకైనవి ఎట్లున్నాయన్నా?"