స్వరూప చెవిన పడ్డ అక్షరం

నిన్న పొద్దున క్లాసులో అటెండెన్స్ తీసుకుంటుంటే సొంతూరు బోథ్ నుంచి స్వరూప తమ్ముడి ఫోన్.

"అక్కా, స్వరూపక్క పోయింది."

ఎటు పోయిందని అడిగాను.

నిజంగా అలాగే అడిగాను. నలభై ఆరేళ్ల మనిషి. మొన్న సాయంత్రం కూడా వాయిస్ మెసేజ్ పెట్టింది. హార్ట్ ఎటాక్ అట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. స్వరూప నా డిగ్రీ దోస్తు. కరీంనగర్‌లో స్పీచ్ థెరపిస్ట్. మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పేది.

తనకు శబ్దాల పిచ్చి.

ఒకసారి ఫోన్‌లో వీడియో చూపించింది. దక్షిణాఫ్రికా ఆవిడ ఎవరో మాట్లాడుతోంది. మాటల మధ్యలో నాలుకతో 'టక్', 'ట్చ్' అని చప్పుళ్లు. తాళం వేస్తోందేమో అనుకున్నాను.

"తాళం కాదే, గవి అక్షరాలు. మనకు క, చ ఎట్లనో వాళ్లకు గవి గట్ల."

క్లిక్స్ అంటారట. చాలా తక్కువ భాషల్లో, అదీ దాదాపు అన్నీ ఆఫ్రికాలోనే ఉన్నాయట. పళ్ల వెనక ఒకటి, అంగిలి మీద ఒకటి, బుగ్గ పక్కన ఒకటి. ఒకటి పలకాల్సిన చోట ఇంకోటి పలికితే అర్థమే మారిపోతుందట.

జాలి కలిగితే మనమూ 'ట్చ్' అంటాం. ఎడ్లను అదిలించడానికి బుగ్గలో నాలుక ఆడిస్తాం. మరి వాటితో ఒక్క మాటైనా ఎందుకు కట్టుకోలేదని తన ప్రశ్న.

ఖానాపూర్ బస్సులో పక్క సీటు పెద్దాయనను కూడా వదల్లేదు. "తాతా, ఎడ్లను ఎట్ల తోల్తవు? జర చేసి చూపియ్యి." ఆయన చేస్తుంటే రికార్డ్ చేసుకుంది. బస్సంతా మమ్మల్నే చూసింది.

ఆ పిచ్చే ఒక పిల్లకు పనికొచ్చింది.

పవర్‌లూమ్ షెడ్డులో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒకామె నాలుగేళ్ల కూతుర్ని స్వరూప దగ్గరికి తీసుకొచ్చేది. పిల్లకు చెవులు బాగానే వినపడతాయి. మాటే లేదు. రెండు నెలలైనా నోరు విప్పలేదు.

"ఇగ రేపటి సంది రాము మేడమ్. ఊకె పరేషాన్ అయితున్నం" అని తల్లి లేచింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని నాలుకతో 'టక్' అంది.

"గిట్ల ఎప్పటి సంది చేస్తుంది?" అని స్వరూప అడిగింది.

"ఎప్పుడూ చేస్తది. సాంచల చప్పుడుల నన్ను గట్లనే పిలుస్తది. పాడలవాటని మా అత్త కొడ్తది."

"మాట రాదని ఎవలన్నరు? నిన్ను పిలుస్తనే ఉంది గదా. మనకు లేని అక్షరం గీమెకు ఉంది."

తల్లి మళ్లీ కూర్చుంది.

స్వరూప కింద కూర్చుని 'టక్' అంది. పిల్ల ఉలిక్కిపడి చూసింది. నవ్వి, తిరిగి 'టక్' అంది. నెల రోజులు అదే ఆట. తర్వాత ఆ టక్ పక్కన స్వరూప ఒక 'అ' చేర్చింది. ఇంకో నాలుగు నెలలకు పిల్ల తల్లిని చూసి "అవ్వ" అంది.

ఆ రోజు స్వరూప నాకు ఫోన్ చేసి ఏడ్చింది. క్లిక్కుతోనే మాట వచ్చిందా అని అడిగాను.

"ఏమో తెల్వదే. టైమొచ్చి వచ్చిందేమో. గదే ఆలోచిస్తున్న."

నిన్న బోథ్‌లో అంతా అయిపోయాక ఆ తల్లీబిడ్డా వచ్చారు. పిల్ల ఇప్పుడు ఐదో తరగతి.

"మేడమ్‌కు నొప్పి లేసిందా? ఎవల్నన్న పిలిచిందా? పిలిస్తె ఇనవడ్డదా?" అని నన్ను వరసపెట్టి అడుగుతోంది. తల్లి ఆపబోయింది.

"అడగనియ్యమ్మా" అన్నాను. తెలిసినవాటికి జవాబు చెప్పాను. తెలియనివాటికి తెలియదని చెప్పాను.

పోయిరా స్వరూపా. నువ్వున్న చోట నీకు నెమ్మది దొరకాలి.