నేను చెరిపిన తరగతి పేజీ

మా తరగతి పేజీని చెరిపింది నేనే. ఈ మాట ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు కింద "బస్సులో తలనొప్పి" అని మాత్రమే రాసుకున్నాను.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కోరుట్ల నుంచి రోజూ బస్సు. తరగతిలో నా గొంతు విన్నవాళ్లు తక్కువ. హాజరు పిలిచినప్పుడు కూడా నా బదులు పక్కనున్న అమ్మాయే "ఉన్నది మేడం" అనేది. ఆమెది సిరిసిల్ల. కాలేజీ హాస్టల్లో ఉండేది. నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. వాళ్ల నాన్నకు నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆ ఏడు బట్ట కొనేవాళ్లు లేక సాంచాలు ఆగిపోయాయి. దసరా సెలవుల తర్వాత ఆమె కాలేజీకి రాలేదు. ఇంటిల్లిపాదీ మహారాష్ట్రలోని భీవండి వెళ్లిపోయారని, అక్కడ వాళ్ల నాన్న ఇంకొకరి సాంచాల మీద పనికి కుదిరాడని, తను నూలు కండెలు చుడుతున్నానని ఫోన్లో చెప్పింది.

"పరీక్షలకైతె అస్త పిల్లా. ఒక్క పేపర్ పోయినా మా నాయిన ఇగ చదువు సాలంటడు."

ఈ సంగతి తెలిసిన వారంలోనే మాకు ఎకనామిక్స్ చెప్పే మేడం ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచింది. మా తరగతిలో ఎవరైనా ఫోన్లోంచి దాంట్లో రాయొచ్చు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు. ఏ రోజు పాఠం ఆ రోజు వంతులవారీగా ఎక్కించాలి. భీవండిలో ఉన్న అమ్మాయి అక్కణ్నుంచే చదువుకుంటుంది, అర్థం కానిది అడుగుతుంది.

మొదట్లో అదొక నవ్వులాట. ఒకరు పాఠానికి ముందు "నమస్తే మేడం, నేను క్షేమం" అని రాశారు. ఇంకొకరు రోజూ "ప్రెజెంట్ మేడం" అని రాసి వెళ్లిపోయేవారు. దిద్దడం మాత్రం మా వల్ల కాలేదు. ఇంకొకరి రాతలో చెయ్యి పెట్టడమంటే వాళ్ల కంచంలో చెయ్యి పెట్టినట్టే మాకు. తప్పు కనిపించినా దాన్ని అలాగే ఉంచి, కింద "పైన రాసింది మంచిగున్నది గాని" అంటూ మరో పేరా కలిపేవాళ్లం. అలా ఒకే పాఠం ఐదుసార్లు ఉండేది.

ఒకసారి మేడమే "సిరిసిల్ల సాంచాల మీద పట్టుచీరలు నేస్తారు" అని రాసింది. తప్పని తెలిసే రాసిందని ఇప్పుడనిపిస్తుంది. మూడు రోజులు అందరం చూసి ఊరుకున్నాం. నాలుగో రోజు ఆ వాక్యం లేదు. దాని చోట "పట్టు కాదు మేడం, పాలిస్టర్ బట్ట, లంగాల బట్ట" అని ఉంది. భీవండి నుంచి.

"మేడం రాసిందే కొట్టేసింది సూడుండ్రే!" అని మెట్‌పల్లి నుంచి వచ్చే అమ్మాయి నోటి మీద చెయ్యి వేసుకుంది.

మేడం మాత్రం నవ్వింది. "ఇన్ని దినాలకు ఒక్కలన్న దిద్దిండ్రు. మరి మీరందరు గీడుండి ఏం జేస్తున్నరు?"

తర్వాత వలసల పాఠం వచ్చింది. "లెక్కలు పుస్తకంల ఉంటయి. మీ ఇంట్లకెళ్లి ఎవలు పోయిండ్రు, ఆడ ఏం పని చేస్తరు, నాలుగు ముక్కలు రాయుండ్రి" అంది మేడం. మా నాన్న మస్కట్‌లో ఉన్నాడు. ఆఫీసులో పని అని చుట్టాలందరికీ చెప్పుకునేవాళ్లం. నిజానికి కూలీల క్యాంపులో బాత్రూములు కడుగుతాడు. "ఇరవై బాత్రూములు బిడ్డా, అన్నిట్కి నేనే మాలక్‌ను" అని ఫోన్లో నవ్వేవాడు. ఆ సాయంత్రం బస్సులో, డైరీలో రాసుకున్నట్టే, ఆ నవ్వుతో సహా నాలుగు వాక్యాలు రాసేశాను.

తెల్లారి బస్సులో పేజీ తెరిస్తే ఆ వాక్యాల పక్కన నా పేరు కనిపించింది. మెట్‌పల్లి అమ్మాయి రెండు సీట్ల ముందు కూర్చుని ఉంది. ఆమె ఫోన్ తెరిచేలోపే తీసేయాలనుకున్నాను. నా వాక్యాల మీద వేలు నొక్కి పట్టాను. బస్సు గుంతలో పడి లేచింది. పేజీ మొత్తం ఎంపికై నీలంగా మారింది. ఏమైందో చూసుకోకుండా ఆత్రంగా తీసేసే గుర్తు నొక్కాను. మూడు నెలల పాఠాలు, భీవండి ప్రశ్నలు, "ప్రెజెంట్ మేడం"లు, అన్నీ పోయాయి. తెల్లటి తెర. ఫోన్ ఆపేసి సంచిలో దాచాను, అలా చేస్తే జరిగింది జరగనట్టు.

మధ్యాహ్నానికి స్నేహితురాలి గొంతు మా వాట్సాప్ గ్రూపులో వినిపించింది. "పేజీ ఏమాయె? కండెలు సుట్టుకుంట సదువుకుందామని తెరిస్తె ఏం లేదు. పది రోజులల్ల పరీక్ష. నాకు గీడ పుస్తకం లేదు, క్లాసు లేదు. ఉన్నది గదొక్కటే." మేడం ట్రైనింగ్ కోసం హైదరాబాద్ వెళ్లి ఉంది. "మేడం అచ్చినంక అడుగుదాం తియ్" అన్నారు అందరూ. ఆ గొంతును నేను మళ్లీ మళ్లీ విన్నాను.

నా దగ్గర ఒకటుంది. ప్రతి పాఠం ఇంటికొచ్చాక నా మాటల్లో డైరీలో రాసుకునే అలవాటు. పుస్తకంలోని మాట అర్థం కాకపోతే మా ఇంట్లోంచో వీధిలోంచో ఒక ఉదాహరణ వెతుక్కునేదాన్ని. ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటే: కొడిమ్యాలలో మా మేనమామ పొలంలో ఇద్దరి పనికి ఐదుగురం దిగుతాం, ముగ్గురం గట్టెక్కి కూర్చున్నా వడ్లు తగ్గవు. అలాంటివి. ఎవరికీ చూపించేవి కావు.

ఆ డైరీ ముందేసుకుని ఫోన్లో మొదటి పాఠం నుంచి కొట్టడం మొదలుపెట్టాను. ఎదురుగా అమ్మ చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"నేను ఇన్నేండ్లు బీడీలు సుట్టంగ అరగని వేలు, నీకు ఫోన్ మీద అరిగేటట్టున్నది. ఏందే గంతగనం?"

"సదువే అవ్వా."

"గట్లైతె అరగనియ్."

ఐదు రోజులు పట్టింది. పాఠాలన్నీ ఎక్కించాను, నాన్న గురించిన నాలుగు వాక్యాలు తప్ప. గట్టు మీద కూర్చున్న ముగ్గురి ఉదాహరణ కింద భీవండి నుంచి ఒక వాక్యం వచ్చింది: "గిప్పుడు సమజైంది. మా సాంచాల కాడ గూడ గంతే."

మేడం వచ్చాక పేజీ చూసి ఆశ్చర్యపోయింది. ఫోన్ పైకెత్తి అందరికీ చూపించింది. "దీంట్ల ఏదీ పోదు. ఎవలు ఎప్పుడు ఏం రాసిండ్రు, ఏం తీసిండ్రు, అన్నీ ఎనుక దాసి ఉంటయి. గీడ నొక్కితె పాతదంత ఒక్క నిమిషంల ఎనక్కస్తది." ఐదు రోజుల నా బొటనవేలు గుర్తొచ్చింది. మేడం జాబితా తెరిచి పైనుంచి చదవబోయి ఆగింది. నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. "ఎందుకులే. పాతదాంట్ల ఒకే ముచ్చట ఐదుసార్లున్నది. గిది సదివితె సమజైతున్నది. గిదే ఉండనియ్" అని ఫోన్ కింద పెట్టింది.

పరీక్షలకు నా స్నేహితురాలు వచ్చింది. అన్నీ రాసింది. తర్వాత ఫలితాల్లో ఎకనామిక్స్‌లో నాకంటే ఎనిమిది మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. ఆఖరి పేపర్ రోజు జగిత్యాల బస్టాండులో ఇద్దరం చాయ్ తాగుతూ ఆమె బస్సు కోసం నిలబడ్డాం.

"ఏదీ పోదని మేడం సెప్పింది తెలిసినంక నేను గూడ పేజీ ఎనక్కి పోయి సూశిన" అంది ఉన్నట్టుండి.

"మరి నన్నడగలేదేంది?"

"అడిగితె నువ్వు నెల దినాలు మాట్లాడవు. నాకు పరీక్షలుండె."

ఆమె చాయ్ ఊదుకుంటూ చెప్పింది: "మీ నాయిన ముచ్చట సదివిన. మా నాయిన సిరిసిల్లల నాలుగు సాంచాల ఆసామి. భీవండిల ఓనర్ కొడుకు మా నాయినను 'అరే బుడ్డా', ఓ ముసలోడా, అని పిలుస్తడు. ఇంటికస్తె ఒక్క మాట సెప్పడు. నాకు తెల్వదనుకుంటడు."

భీవండి బస్సు వచ్చింది. సంచి అందించాను. కిటికీ పక్కన కూర్చుని అద్దం జరిపి నన్ను దగ్గరకు పిలిచింది.

"నువ్వు మల్ల రాసినదాంట్ల గా నాలుగు ముక్కలు లెవ్వు. ఇయ్యాల ఇంటికి పొయ్యి ఎక్కియ్యి. వాటి కింద నేను మా నాయిన ముచ్చట రాస్త. తప్పులుంటె దిద్దు పిల్లా, ఊకె కింద ఇంకో పేరా కలుపకు."