అమెరికా పటమూ, మా ఇద్దరు మామగార్లూ

నేను చోడవరం కాపురానికి వెళ్ళేసరికే మా మామగారికీ, ఆయన తమ్ముడికీ మాటల్లేవు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. తగువు ఏ పొలం గట్టు దగ్గరో అనుకునేరు, కాదు. ఒక చలికాలం గానుగ దగ్గర బెల్లం పాకం వచ్చేసిందని పెద్దాయనా, ఇంకా రాలేదని చిన్నాయనా వాదించుకుంటూ ఉండగానే పెనంలో పాకం కాస్తా మాడి బొగ్గయిపోయింది. అంతే, ఇంటి మధ్యన గోడ లేచింది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళని చేసుకున్నారు. ఈ మగవాళ్ళ పౌరుషం పుణ్యమా అని మా అత్తగారు చెల్లెలితో నాలుగు మాటలాడాలంటే పెరట్లో గోడవారకి వెళ్ళి దొంగలా గుసగుసలాడాలి. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ కొత్త కోడల్ని, నోరెత్తితే ఊరుకుంటారా?

మామగారి కంట్లో శుక్లం తీసిన మిషన్ ఆస్పత్రి డాక్టరు దొరసాని ఆ ఏడాది స్వదేశం వెళ్ళిపోతూ ఆయన చేతిలో అమెరికా రోడ్ల పటం ఒకటి పెట్టింది. తమ దేశంలో పడమటివైపు కొండలనీ, లోయలనీ, అడవులనీ పార్కులని పేరుపెట్టి సర్కారువారే కాపాడుతున్నారట. చలికాలంలో అయితే జనం ఉండరు, మంచు కురిసి చూడముచ్చటగా ఉంటుంది, ఇంటిల్లిపాదీ రండి, నా కారులో తిప్పి చూపిస్తానందట. పాపం ఆవిడ మర్యాదకి అంది. మా వైపు మాత్రం మా ఇంటికి రమ్మని నోరారా పిలిచాక వెళ్ళకపోతే మనిషిని అవమానించినట్టే. మామగారు ఆ సాయంత్రమే అరుగు మీద నులకమంచం వాల్చి పటం పరిచేశారు.

నేను విశాఖపట్నంలో స్కూలు ఫైనలు చదివానుగనక పటం చదివే పని నా మెడకి చుట్టుకుంది. ఎల్లోస్టోన్ అనేచోట నేలలోంచి వేణ్ణీళ్ళు ఆకాశానికి చిమ్ముతాయని చదివితే అత్తగారు, "అయితే తానాలకి కట్టెలక్కర్నేదు" అని తెగ సంబరపడ్డారు. ఒక దారి పక్కన ఎర్రక్షరాలతో, శీతాకాలంలో ఈ రోడ్డు మూసి ఉంటుందని రాసి ఉంది.

"మూసీడానికి రోడ్డేటి, కొట్టా?" అని మామగారు తీసిపారేశారు.

మంచు దగ్గరే వచ్చింది చిక్కు. మామగారికి చెరుకుతోట మీది పొగమంచు తప్ప ఇంకోటి తెలీదు. చిన్నమామగారు యుద్ధంలో మిలట్రీ లారీ నడిపి, మోకాల్లోతు మంచు చూసొచ్చిన మనిషి. ఆయన్ని అడగాలంటే ఈయనకి నామోషీ! చివరికి ఓ పొద్దున్న గోడ పక్కన కట్టేసిన ఎద్దు దగ్గరకెళ్ళి, దాని మెడ నిమురుతూ ఊరంతా వినేలా, "మంచులో కారెలాగ నడుస్తాదో తెలిసినోడు ఈ ఊర్లో ఒక్కడూ నేడు గదరా!" అన్నారు.

"సక్రాలకి గొలుసులు సుట్టాలని ఆ ఎద్దుకి ఎవరేనా సెప్పండర్రా!" అని గోడవతల నుంచి కేక.

నేను పమిట నోట్లో కుక్కుకున్నాను.

ఆ సాయంత్రం చిన్నమామగారు మా అరుగెక్కారు. పటం వరకేనట, వేరే మాటల్లేవట! అదయినా నేరుగా మాట్లాడితే ఒట్టు. ఒకే మంచం మీద జానెడు దూరంలో కూర్చుని, "అమ్మా, ముందు లోయకెల్దావని ఆయనకి సెప్పు" అని ఒకరూ, "ముందు వేణ్ణీళ్ళకేనని ఈయనకి సెప్పు" అని ఇంకొకరూ. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఆదివారం పడమటికి వారశూల అని మామగారంటే, భూమి గుండ్రం గనక తూర్పుగా వెళ్ళినా అమెరికాయే వస్తుందని చిన్నమామగారు నాచేత చెప్పించారు. దాంతో శూలలు రెట్టింపయ్యాయి తప్ప ప్రయాణం కదల్లేదు. ఆవకాయ జాడీ మంచులో గడ్డకడుతుందా లేదా అన్నదానికే ఒక పూట పోయింది.

ఈ రభసలో చిన్నత్తగారు కూడా చేట పట్టుకుని వచ్చి, అక్క పక్కన చేరి కందికాయలు వొలుస్తూ కూర్చునేవారు. అక్కచెల్లెళ్ళు గొంతు తగ్గించుకోకుండా మాట్లాడుకోవడం నేను ఆ రోజుల్లోనే విన్నాను. అత్తగారు వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "ఒసే గుంటా, ఆ పటం వేగిరం అవగొట్టీయకే. అదయిపోతే నా సెల్లి మళ్ళీ గోడవతలకెల్లిపోతాది" అన్నారు. ఆవిడ కళ్ళు చూస్తే నాకూ ఏడుపొచ్చింది. మర్నాటినుంచి పటంలో లేని ఊళ్ళు కూడా చదివాను.

ఎంత సాగదీసినా అమెరికాకీ ఒక చివరుందిగా. ఓ సాయంత్రం చిన్నమామగారి వేలు ఆఖరి పార్కు మీద ఆగింది. "అయిపోనాది" అన్నారు. చిన్నత్తగారు ఉండబట్టలేక, "మరి సలికాలవంటే గానుగ రోజులు గదా, మీరిద్దరూ ఎల్లిపోతే పాకం ఎవరు సూస్తారు?" అనేశారు.

పాకం! ఆ మాటకి ఇద్దరి మొహాలూ ముడుచుకుపోయాయి. చిన్నమామగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచారు. చిన్నత్తగారు తలొంచుకుని చేటలో కాయలు పోగుచేసుకున్నారు. అత్తగారు చెల్లెలి కొంగు పట్టుకుని వదల్లేదు. నేను పటం మడిచేశాను. చిన్నమామగారు అరుగు దిగిపోయారు.

"ఒరే!" అన్నారు మామగారు. "ఒరే తమ్ముడా! తిరిగొచ్చీ దారి సూడనేదు గదరా. ఆడోళ్ళని ఆ మంచులోనే వొగ్గీసొస్తావేటి?"

చిన్నమామగారు వీధిలో అలాగే నిలబడిపోయారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"ఏదన్నయ్యా, ఆ పటం ఇలాగియ్యి" అన్నారు.

పటం నా చేతిలో ఉంది. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు.