రాములవ్వ మూగబాతులు

మున్సిపాలిటీ నుంచి వచ్చిన మనిషిని గల్లీ నడుమ నిలబెట్టి రాములవ్వ గెలిచిన కొట్లాటను, పక్కింటి విమలమ్మ తన వాకిటి గద్దె మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. ఎల్లారెడ్డిలో అంతకుముందూ ఆ తర్వాతా ఎన్నో కొట్లాటలు చూసింది గానీ అంత తక్కువ మాటలతో గెలిచింది ఇంకొకటి లేదు.

ఎదురుగా రెండంతస్తులు కట్టి కిరాయికిచ్చిన దివాకర్ ఆ మనిషిని పిలిపించాడు. రాములవ్వ బాతులు పగలూ రాత్రీ ఒర్రుతున్నాయనీ, కిరాయిదార్లు నిద్రలేక ఖాళీ చేస్తామంటున్నారనీ కాగితం రాసిచ్చాడు. రాములవ్వ ఆ కాగితాన్ని చదివించుకుని విన్నది. ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి, కొంగు మీది తంబాకు దులుపుకుని లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చంకలో పోతుబాతు ఉంది. మేకపిల్లంత బరువు, కళ్ల చుట్టూ ఎర్రటి పులిపిర్లు. దాన్ని తెచ్చి ఆ మనిషి కాళ్ల ముందు దింపింది.

"సారూ, గిది ఒక్కపాలి ఒర్లితే చాలు. గీడనే కోసి దివాకర్ ఇంట్లకే కూరకిస్త. కూసోండ్రి."

ఆయన కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. బాతు తోక ఊపింది, మెడ ముందుకీ వెనక్కీ ఆడించింది, పంచరైన ట్యూబులోంచి గాలి పోయినట్టు బుస్సుమంది. అంతకు మించి ఏమీ లేదు. దివాకర్ చప్పట్లు కొట్టాడు, కాలితో అదిలించాడు, అయినా పలక్కపోయేసరికి రాత్రిళ్లు ఎట్లా అరుస్తుందో తానే నోటితో అరిచి చూపించాడు.

"రాసుకోండ్రి సారూ," అన్నది రాములవ్వ. "ఒర్లేది ఎవలో ఇప్పుడు తెలిసె గదా."

ఆయన నవ్వు ఆపుకోలేక, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. దివాకర్ నెల రోజులు గల్లీలో తల ఎత్తలేదు. ఆ బాతులు నిజంగానే అరవవు. ఆడది ఎప్పుడో ఒకసారి సన్నగా కూ అంటుంది, మగదానికి బుస తప్ప ఇంకేమీ రాదు. రాములవ్వ కొడుకు తిరుపతి ఫోన్‌లో చూసి వాటి పేరు మస్కోవీ అని చెప్పాడు గానీ ఆ పేరు ఎవరి నోటా తిరగలేదు. గల్లీకి అవి మూగబాతులే. అంత నోరున్న మనిషి నోరులేని వాటిని తెచ్చి సాకడమేమిటని నవ్వినవాళ్లలో విమలమ్మ మొదటిది.

రాములవ్వ పుట్టిల్లు బీర్కూర్. పదేళ్లకే ఆమె ఒళ్లోకి చాట వచ్చింది, యాభై ఏళ్లు దాటినా దిగలేదు. మొగుడు పోయి చాలాకాలమైంది. కొడుకు తిరుపతి కామారెడ్డిలో ఆటో నడుపుతాడు. బీడీలు మంచిగ లేవని తీసిపారేసే కంపెనీ మనిషితోనైనా, నల్లా దగ్గర బిందె ముందుకు జరిపేవాళ్లతోనైనా ఆమె గొంతే ముందు లేస్తుంది, ఎదుటివాళ్ల గొంతే ముందు ఆగుతుంది. ఒక ఎండాకాలం పుట్టింటికి పోయి, కాలువ ఒడ్డున ఉండే చిన్నాయన కొడుకు ఇచ్చిన జంటను గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. అవి మురికినీళ్ల మోరీ మీది ఈగల్నీ, నీటి పురుగుల్నీ ఏరుకుని తినేవి. నిలువునా కోసిన డ్రమ్ములో నీళ్లు పోస్తే తానం చేసేవి. పొద్దున తవుడూ నూకలూ తడిపి పెట్టేది, మధ్యాహ్నం తోటకూర కాడలు తరిగి వేసేది. గోడ మీదికి ఎగిరి దివాకర్ మేడెక్కకుండా ఒక రెక్క ఈకలు మాత్రం కత్తిరించేది. రెండు రెక్కలూ కత్తిరిస్తే మళ్లీ సమంగా ఎగురుతాయి. అందుకూ బీడీల తునికాకు కోసే కత్తెరే. పిల్లలు పుడితే వాటికి పళ్లెంలో నీళ్లు పెట్టేది తప్ప, ఈకలు వచ్చేదాకా డ్రమ్ము దగ్గరికి రానిచ్చేది కాదు.

విమలమ్మకు కోళ్లు తెలుసు. నలభై ఏళ్లుగా పెంచింది. రెండో తరగతి దగ్గరే చదువు ఆగినా, గుడ్ల లెక్కలో తనకు చెప్పగలిగినవాళ్లు ఈ మండలంలో పుట్టలేదని ఆమె నమ్మకం. రాములవ్వ ఆ సంగతి ఒప్పుకున్నట్టే ఉండేది. ఇద్దరి గడపలకూ మధ్య నాలుగడుగులు. మాటకు మాట అంటుకుంటూనే ఒకరి పొయ్యి మీది చారు ఇంకొకరి గిన్నెలోకి పోయేది.

పోయిన కార్తీకంలో ఆడబాతు పదకొండు గుడ్లు పెట్టి, తన రొమ్ము మీది ఈకలు తానే పీకి పరుచుకుని, స్నానాల గది మూలన పాత గంపలో పొదగడానికి కూర్చుంది. ఇరవై ఆరో రోజున రాములవ్వకు దగ్గు ముదిరి ఊపిరాడలేదు. తిరుపతి వచ్చి కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయాడు. ఆటో ఎక్కుతూ ఆమె విమలమ్మకు చెప్పింది. దీనికి ముప్పై అయిదు దినాలు పడతది. పొద్దున ఒక్కపాలి బయటికి వస్తది, తానం చేసి తడి కడుపుతోనే పోయి కూసుంటది, అడ్డం పోకు.

విమలమ్మ తలూపింది గానీ ఒప్పుకోలేదు. కోడికి ఇరవై ఒకటి, బాతుకు ఇరవై ఎనిమిది. ఇది మాత్రం మహారాణా, ముప్పై అయిదు అడగడానికి? తడి కడుపుతో కూర్చుంటే గుడ్లు మురగక ఏమవుతాయి? ఇరవై ఎనిమిది దాటినా ఏమీ కాలేదు. తన పెద్ద మనసు కొద్దీ ఇంకో నాలుగు రోజులు ఇచ్చింది. ముప్పై రెండో రోజు బాతు డ్రమ్ము దగ్గరికి పోయినప్పుడు గుడ్లు ఒళ్లోకి తీసుకుని, వాళ్లమ్మ నేర్పినట్టు బకెట్ నీళ్లలో వేసింది. మునిగితే మంచివి, తేలితే మురిగినవి. పదకొండూ తేలాయి. తేలి కొంచెం కొంచెం ఊగాయి. బకెట్‌లో నీళ్లు కదులుతున్నాయనుకుంది. గోడ అవతలి పెంటకుప్ప మీదికి ఒక్కొక్కటే విసిరేసింది. ఆఖరిది విసిరేటప్పుడు కిందికి చూసింది. పగిలిన పెంకులో ముక్కు తెరిచి మూస్తున్న పిల్ల కనిపించింది. పక్కన ఇంకొకటి. అటు పోయి వంగి ఏరబోయింది గానీ ఏరడానికి ఏదీ నిండుగా లేదు.

బాతు తానం చేసి వచ్చి, తడి కడుపుతో ఖాళీ గంపలో కూర్చుంది. మూడు రోజులు అట్లాగే పోయి తానం చేసేది, అట్లాగే వచ్చి కూర్చునేది.

రాములవ్వ నాలుగో రోజున వచ్చింది. విమలమ్మ అబద్ధం ఆడవచ్చు. కుక్క తిన్నదంటే, పిల్లి ఎత్తుకుపోయిందంటే అడిగేవాళ్లు లేరు. కానీ ఆమె అట్లాంటి మనిషి కాదు. రాములవ్వ ఆటో దిగి గడప తొక్కకముందే ఎదురుపోయి నిలబడింది.

"నేను తీసేసిన, రాములవ్వా. నీళ్లల్ల ఏస్తే తేలినయి. మురిగినయి అనుకుని పెంట మీద ఏసిన. పిల్లలుండె."

ఆ నోటికి ఎదురు నిలబడాలని కాళ్లు గట్టిగా తన్నిపెట్టుకుని ఉంది విమలమ్మ. రాములవ్వ గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. "బాతు తిన్నదా?" అని అడిగింది. తినలేదని చెబితే లోపలికి పోయి నూకలు తడిపింది. అంతే.

తెల్లారి తిడుతుందనుకుంది విమలమ్మ. ఆదివారం తిరుపతి ముందు తిడుతుందనుకుంది. నెల గడిచింది. కొట్లాట అయితే రెండు ముక్కలు తానూ అనేది, ఏడ్చేది, మళ్లీ చారు గిన్నె అటూ ఇటూ తిరిగేది. ఇప్పుడు గిన్నె తిరుగుతూనే ఉంది గానీ మాట లేదు. ఒకరోజు కావాలనే గిన్నెలు కడిగిన నీళ్లు రాములవ్వ వాకిట్లోకి పారబోసింది. రాములవ్వ చీపురు తెచ్చి ఊడ్చుకుంది. ఇంకోరోజు, బాతుల పెంట వాసనకు ఉండలేకపోతున్నామని నలుగురు వినేటట్టు అన్నది. ఆ మాటకు దివాకర్ కూడా కిటికీలోంచి తొంగిచూశాడు. రాములవ్వ రెండు తట్టల ఇసుక తెప్పించి పోయించింది. మున్సిపాలిటీని గెలిచిన మనిషి తనతో కొట్లాడటానికి కూడా రావడం లేదు. విమలమ్మకు ఇంతకంటే పెద్ద తిట్టు తెలియదు.

ఎండాకాలంలో వీధికుక్కలు పోతుబాతును పట్టుకున్నాయి. ఒక రెక్కతో ఎంత దూరం ఎగురుతుంది? బీర్కూర్‌లో చిన్నాయన కొడుకు అంతకుముందే బాతులు అమ్మేసి దుబాయ్ పోయాడు. ఇంకొక పోతును తెప్పిస్తానని తిరుపతి అంటే, ఇంక చాలన్నది రాములవ్వ. అప్పటికే నాలుగు బీడీలు చుడితే ఆగి దగ్గేది. ఆడబాతు మాత్రం ఆగలేదు. మగది లేకపోయినా గుడ్లు పెట్టేది, ఈకలు పీక్కుని కూర్చునేది. రాములవ్వ ప్రతిసారీ పది రోజులకే ఆ ఉట్టి గుడ్లు తీసేసేది. తీయకపోతే అది తిండి మాని ఎండిపోతుంది. తీసే రోజు మాత్రం తలుపు మూసుకునేది.

మృగశిర దాటిన వారానికి తిరుపతి వచ్చాడు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చారు. ఊపిరితిత్తుల్లో తంబాకు దుమ్మే ఉందన్నారట. ఎన్నాళ్లుండాలో డాక్టరు చెప్పలేదు, అతను అడగలేదు. ఆటోలో దుప్పటీ, ఫ్లాస్కూ పెట్టి బయట నిలబడ్డాడు. విమలమ్మ తన గద్దె మీదే కూర్చుని ఉంది. పిలవకుండా పోనని పట్టుబట్టినట్టు కూర్చుంది.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. "విమలక్కా, గిట్ల రా."

స్నానాల గది మూలన, గంప పక్కన రాములవ్వ నేల మీద కూర్చుని ఉంది. బాతు మెడ చాచి విమలమ్మ మీద బుసకొట్టింది. దాని రొమ్ము ఎముక ఈకల్లోంచి పొడుచుకుని కనిపిస్తోంది.

"నలభై దినాలైంది," అన్నది రాములవ్వ. మాటకూ మాటకూ నడుమ ఊపిరి కోసం ఆగుతోంది. "ఈసారి నాకు చెయ్యి రాలే. రోజూ రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకున్న. ఉట్టియే అన్నీ. ఇంకో వారముంటే ఇది బతకది."

విమలమ్మ ఆమె మొహంలో ఎత్తిపొడుపు కోసం వెతికింది. అన్ని రోజులుగా ఎదురుచూసింది ఇదే కావచ్చుననుకుంది. అక్కడ అలుపు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"నన్నే ఎందుకు అడుగుతున్నవ్?"

"నువ్వుగాక ఎవలున్నరు నాకు?" అని రాములవ్వ గోడ పట్టుకుని లేచింది. విమలమ్మ చెయ్యి అందిస్తే పట్టుకుంది, తలుపు దాకా వచ్చినా వదల్లేదు. బయట తిరుపతి ఆటో స్టార్ట్ చేశాడు.

"నేను పొయ్యినంక తియ్యి అక్కా. అది తానానికి పోయినప్పుడు తియ్యి. పెంట మీద ఎయ్యకు, ఇంటెనక గుంత తవ్వి పెట్టు. నీళ్లల్ల ఎయ్యకు. ఒక్కటి గూడ పలగ్గొట్టి చూడకు."