వంక పెట్టి తిన్న పులుసు

కోట అనే ఊరి బజారులో మా నాన్నది కిరాణా కొట్టు. ఆ కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని కాబట్టి నాకు మాటలతో పాటే ఒక సూత్రం కూడా వచ్చింది. మనకు కావలసిన వస్తువును అమ్మేవాడి ముందు మెచ్చుకోకూడదు. బెల్లం బాగుంటే "నలుపు తిరిగిందే" అనాలి. చింతపండు బాగుంటే "గింజ ఎక్కువుందే" అనాలి. మిరపకాయలు నిగనిగలాడుతుంటే ఒకటి తుంచి, వాసన చూసి, మొహం అదోలా పెట్టి, బస్తాను వదిలేసి రెండడుగులు వెయ్యాలి. వెనక నుంచి పిలుపు వస్తుంది. మా నాన్న బతుకంతా ఆ పిలుపు మీదే నడిచింది. ఆయన దేన్నయినా "బాగుంది" అన్నాడంటే అది ఆయన కొనదలచుకోని సరుకని మా ఇంట్లో అందరికీ అర్థం.

ఈ విద్య అన్నం దగ్గర పనికిరాదని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక్క వేసవిలో ఇద్దరు మనుషులకు శత్రువునయ్యేదాన్ని కాను.

నేను పనిచేసేది రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో. రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. ఉప్పదనం ఎంతుంది, రొయ్యకు ఏం తెగులు వచ్చేట్టుంది అన్నది చూసి కాగితం రాసిస్తాం. మేం ముగ్గురమే. కౌంటరులో కూర్చునే అన్న వాళ్లది మనుబోలు వైపు, వరి పండించే కుటుంబం. మైక్రోస్కోపు దగ్గర కూర్చునే అక్కది వాకాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె, ఆమె భర్త చేపల వేటకు పోతాడు. మూడోదాన్ని నేను. ముగ్గురికీ ఉన్న పోలిక తిండి పిచ్చి. పొద్దుటి నుంచి రొయ్యల్ని చూసీ చూసీ చెరువు రొయ్య మాత్రం ముగ్గురమూ ముట్టం. అదింకో పోలిక.

ఒంటిగంటకు వెనక గదిలో, మందుల డబ్బాల మధ్య చాప పరిచేవాళ్లం. బియ్యం అన్న తెచ్చేవాడు, సొంత పొలంలోవి. అక్కడే చిన్న కుక్కరులో వండేవాడు. కూర అక్కది. కొట్లోంచి తెచ్చే అప్పడాలు, కందిపొడి, ఊరగాయ నావి. వండే శ్రమ నాకు సుతరామూ లేదు. మూడు అప్పడాలు పెట్టి గిన్నెడు కూర తినడం నా ఉద్యోగ జీవితంలో నేను సాధించిన అతి పెద్ద బేరం.

నెత్తళ్ల పులుసు మొదటిసారి వచ్చింది మామిడికాయల కాలంలో. వేలెడేసి చేపలు, పుల్ల మామిడి ముక్కలు, మట్టిచట్టిలో సాయంత్రం కాచి రాత్రంతా ఊరనిచ్చి మరునాడు తెచ్చిన పులుసు. మా ఇంట్లో నేను తిన్న చేప వేరు. మా నాన్న చేపలు పొద్దుగూకాక కొనేవాడు, ధర దిగాక. చేప అంటే ఆ వాసన ఉండి తీరుతుందని ఇరవై ఏళ్లు దాటేదాకా నమ్మినదాన్ని నేను. ఆ రోజు మొదటి ముద్దకే చెవులు వేడెక్కాయి. ఇంత మంచి వస్తువు రోజూ నాకు రావాలి అనిపించింది. వెంటనే నా నోరు తన పని తాను చేసింది.

"పులుపు కొంచెం ఎక్కువైందక్కా," అన్నాను, గిన్నెను నా వైపు లాక్కుంటూ.

"ఎక్కువైనదాన్ని అట్టా లాక్కుంటావేంది పాపా?" అన్నాడు అన్న.

"పారేస్తే పాపం కదన్నా."

అక్క గిన్నె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పులుసుకూ నేను ఏదో ఒక వంక పెడుతూనే వచ్చాను. కారం మండిపోతోందన్నాను. మెంతులు చేదు తగులుతున్నాయన్నాను. చేప చితికిందన్నాను. అంటూనే గిన్నె అడుగు వేలితో తుడిచి నాకాను. ఆ తుడిచిన గిన్నే నా మెప్పు. మా బజారులో ఎవరికైనా ఆ మాత్రం తెలుస్తుంది. వస్తువును తిట్టేవాడే కొనేవాడు, మెచ్చుకునేవాడు చూసిపోయేవాడు.

కొన్నాళ్లకు పులుసు రుచి తగ్గుతున్నట్టు అనిపించింది. ముందు పులుపు పోయింది. తర్వాత ఎరుపు పోయి పసుపు మిగిలింది. మెంతుల వాసన పోయింది. ఒకరోజు నెత్తళ్లే పోయి, చితకని గట్టి చేప ముక్కలు వచ్చాయి. తలగడలో దూది తిన్నట్టుంది. కొట్టు బుద్ధి కదా, నాకు వచ్చిన మొదటి అనుమానం సరుకు మారుస్తున్నారని. మంచి పులుసు ఇంట్లో ఉంచుకుని, నీళ్లు కలిపింది మా మొహాన పోస్తోంది అక్క. మూడు అప్పడాలకు ఇది చాల్లే అనుకుంటోంది. అలా అనుకోగానే కోపం వచ్చింది. కోపంలో, నా జన్మలో మొదటిసారి, అన్నం దగ్గర నిజం చెప్పాను.

"ఏందక్కా ఇది, మరీ సప్పగా ఉంది. చెరువు నీళ్లు కాచి తెచ్చినట్టుంది."

అక్క ముద్ద కిందపెట్టింది. చెయ్యి కడుక్కోలేదు. ఆ చేతినే నా మొహం ముందు పెట్టి ఒక్కొక్క వేలూ మడిచింది.

"పులుపు ఎక్కువన్నావు. తగ్గింది. కారం ఎక్కువన్నావు. తగ్గింది. మెంతులన్నావు. తీసేసినాం. చేప చితికిందన్నావు. చేపే మార్చినాం. ఇంకేం గావాల నీకు?"

"నేను తగ్గించమనలేదే. ఎక్కువైందన్నా, అంతే."

"ఆ రెంటికీ తేడా ఏందో నాగ్గూడా జెప్పు పాపా," అన్నాడు అన్న. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ పులుసు వండేది అక్క కాదు, వాళ్లత్త. రోజూ సాయంత్రం అక్క ఇల్లు చేరగానే ఆవిడ అడుగుతుందట, ఏమన్నారని. అక్క నా మాటలన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పేది. ఆవిడ మరుసటి వంటలో నేను చెప్పినంతా తగ్గించేది.

"మేం గూడా ఆ సప్పిడి నీళ్లే తింటా ఉండాం," అంది అక్క. "వేటకు పోయొచ్చిన మనిషి నిన్న పళ్లెం పక్కకు నెట్టేసినాడు. మా అత్త అదీ నామీదే పెట్టింది. మీ ల్యాబు మారాణికి నచ్చేట్టు వండినా, నీ మొగుడికి నచ్చకపోతే నేనేం జెయ్యను అనింది. రేపట్నుంచి నా గిన్నె నాది. నీ అప్పడాలు నువ్వు నములుకో."

గిన్నె మూత పెట్టుకుని లేచిపోయింది.

మరునాటి నుంచి అక్క వెనక మెట్ల మీద, మాకు వీపు పెట్టి తినేది. పులుసు మళ్లీ మొదటి పులుసు అయిపోయిందని వాసనే చెప్పింది. అన్న ఒక చిన్న గిన్నె తీసుకుని మెట్ల దాకా వెళ్లి, నింపుకుని వచ్చేవాడు. నా ముందే కూర్చుని తినేవాడు, తలెత్తకుండా. నేను కందిపొడి కలుపుకునేదాన్ని. ఒకరోజు ఇంకో గరిటె అన్నం అడిగితే, "బియ్యంలో నూకలుండాయంటావేమో, వద్దులే," అన్నాడు. ఆ మాటకు మెట్ల మీద వీపు కదిలింది. నవ్విందని వెనక నుంచే తెలిసింది.

పని దగ్గరా అదే వరస. ఒక రైతు సీసాకు ఉప్పదనం ఎక్కువని రాసి సంతకానికి ఇస్తే, అక్క రైతు ముందే అడిగింది: "నిజంగా ఎక్కువా, లేకుంటే నీకు నచ్చిందా?" రైతు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నేనూ ఊరుకోలేదు. ఆమె గాజు పలకలు కడగకుండా వదిలేస్తే, "కూర వండినట్టే ఇవీ అత్తే కడగాల్నా?" అన్నాను. ఆ వారమంతా మా మధ్య ఒక్క మంచి మాట లేదు. నిజం చెప్పాలంటే ఆ తిట్లు నాకు బరువనిపించలేదు. ఒంటిగంట వేళ, నాకు దక్కని ఆ పులుసు వాసనే భరించలేకపోయాను. పెళ్లి చూపులకు కూడా నేను అంత ఆత్రపడలేదు.

చివరికి నాకు తెలిసిన పద్ధతిలోనే దిగాను. మా నాన్న ఇంటికోసం విడిగా దాచుకునే పాత చింతపండు ఉంటుంది. నల్లగా, మెత్తగా, గింజ లేకుండా. దాన్ని ఒక పొట్లం కట్టి తెచ్చి అక్క బల్ల మీద పెట్టాను. ఆమె పొట్లం విప్పింది. కొంచెం తుంచి వాసన చూసింది. మొహం అదోలా పెట్టింది.

"గింజ ఎక్కువుందే," అంది. పొట్లం అక్కడే వదిలేసి రెండడుగులు వేసింది.

ఒక్క గింజ లేదు అందులో. ఉంటే నన్ను అడగండి. కానీ వెనక నుంచి పిలిచింది నేనే.

"అక్కా, ఆగు. పులుసు బాగుండింది. మొదట్నుంచీ బాగుండింది."

ఆమె వెనక్కి తిరగనైనా తిరగలేదు. "నాకెందుకు జెప్పడం? నీ మాటలు మోసే పని నేను మానేసినా. పోయి ఆమె ముందర జెప్పు."

ఆదివారం వాకాడు మీదుగా వాళ్ల పల్లెకు పోయాను, చింతపండు పొట్లం సంచిలో పెట్టుకుని. అక్క వాళ్లత్త వాకిట్లో గంప ముందు పెట్టుకుని నెత్తళ్ల తలకాయలు గిల్లుతోంది. నన్ను చూసింది, గిల్లడం ఆపలేదు.

"ఈ పిల్లేనా?" అని గుమ్మంలో నిలబడ్డ కోడల్ని అడిగింది. తర్వాత నన్ను: "కోటలో ఎవరి బిడ్డవు?"

చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆ కొట్టాయన కూతురివా? గంప నెత్తిన పెట్టుకుని ఆ బజారంతా తిరిగినా నేను. మీ నాయన పొద్దన చేపను చూసి కళ్లలో కళ లేదంటాడు. మజ్జానం చూసి మెత్తబడిందంటాడు. పొద్దుగూకేటప్పటికి నిజంగానే మెత్తబడుతది, అప్పుడు కొంటాడు. మెత్తబడినా సరే, తక్కువకి రావాల ఆయనకు."

"అవును పెద్దమ్మా," అన్నాను. అంటే నేను చిన్నప్పుడు తిన్న ఆ చేప, ఆ వాసన, ఈవిడ గంపలోదే అన్నమాట. పొద్దున్నే కొని ఉంటే ఎట్లా ఉండేదో అన్న ఆలోచన ఒకటి వచ్చి పక్కన కూర్చుంది.

"డబ్బులకు బేరమాడే వాళ్లను చూసినా. ఊరికే పెట్టేదానికి బేరమాడేదాన్ని నిన్నే చూసినా. లోపలికి రా."

లోపల రెండు చట్లు ఉన్నాయి. ఒకదాని మూత తీసి నా పళ్లెంలో వేసింది. పసుపు పచ్చటి నీళ్లు. "నువ్వు చెప్పినట్టు చేసింది. నీకోసమే చేసినా. మిగల్చకుండా తిను." తిన్నాను. గోడకు ఆనుకుని అక్క నా ప్రతి ముద్దా చూస్తోంది. పరీక్ష గొట్టంలో రంగు మారుతుందా లేదా అని చూసే చూపు అది.

తర్వాత రెండో చట్టి మూత తీసింది. ఎర్రగా, నూనె తేలి, మామిడి ముక్కలు మెత్తబడి. గరిటెతో తీసింది కానీ పళ్లెంలో వెయ్యలేదు. గాల్లోనే పట్టుకుంది.

"దీన్నేమంటావు?"

"బాగుంది."

"తినకుండానే?"

"ముందే తిన్నా గదా పెద్దమ్మా, ల్యాబులో."

"అప్పుడు పులుపెక్కువన్నావే."

"అబద్ధం చెప్పినాను."

"కారం?"

"సరిగ్గానే ఉండింది."

"మెంతులు?"

"అవి లేకపోతే పులుసే కాదు." ఈ మాట నేను కావాలని అన్లేదు. దానంతట అది వచ్చింది. కొట్లో పుట్టినదాని నోట్లోంచి, అమ్మే మనిషి ముందు, సరుకు చేతికి రాకముందే. నా చెవులకే వింతగా వినిపించింది.

ఆవిడ వేసింది. రెండు గరిటెలు. ఆ రెండూ ఎప్పుడు అయిపోయాయో తెలియదు. పళ్లెం ముందుకు జరిపాను. ఆవిడ మూత పెట్టేసింది.

"నీకు గావాలని ఇప్పుడు నీ నోటితోనే జెప్పినావు గదా. ఇంక ధర నేను జెప్తా. ఆ సంచిలో చింతపండుందని కోడలు జెప్పింది, ఈడ పెట్టు. అయిపోయినప్పుడల్లా అదే తేవాల, కొట్లో అమ్మేది తెస్తే నాకు తెలస్తది. ఆ గంపలో తలకాయలు గిల్లి పోవాల. ల్యాబులో నీకు రెండు గరిటెలు. అదీ ముందు నోరు తెరిచి బాగుందని జెప్పినాకనే."

"మూడు గరిటెలు పెద్దమ్మా."

"రెండు."

"రెండున్నర."

"ఒకటిన్నర," అంది ఆవిడ.

"రెండే," అన్నాను గబుక్కున.

అక్క మొహం పక్కకు తిప్పుకుంది. గంపెడు నెత్తళ్ల తలకాయలు గిల్లేసరికి గోళ్ల కింద కోసుకుపోయి, ఉప్పునీళ్లు తగిలి మండింది. పక్కనే కూర్చుని అక్క కూడా గిల్లింది. నేను సరిగ్గా గిల్లనివి ఏరి మళ్లీ నా ముందే పడేసింది.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. చింతపండు పోయినందుకు కేకలేస్తాడనుకున్నాను. ఆయన "ముందే మెచ్చుకున్నావా?" అన్నాడు, ఆస్తి పోగొట్టుకుని వచ్చిన బిడ్డను చూసినట్టు. "అందుకే రెండు గరిటెల దగ్గర ఆగిపోయినావు."

ఇప్పుడు మళ్లీ ముగ్గురం ఒకే చాప మీద తింటున్నాం. అక్క నాతో పని మాటలే మాట్లాడుతుంది. గిన్నె ఆమె మోకాలి పక్కన ఉంటుంది, చెయ్యి మూత మీద. నేను "బాగుందక్కా" అంటాను. వినపడలేదంటుంది. ఇంకోసారి అంటాను. అప్పుడు మూత తీసి రెండు గరిటెలు, అంచుకు తట్టి మరీ వేస్తుంది. అన్నకు అడక్కుండానే నాలుగు. ఆయన ఆ పులుసును బాగుందనీ బాగాలేదనీ ఇంతవరకూ ఒక్క మాట అన్నది లేదు.