అన్ని ఊళ్లకు ఒకే బోర్డు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామలో నెట్ సెంటర్ నడిపే మా అక్క, మా చుట్టుపక్కల ఊళ్ల కోసం ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. ఊరికొక పేజీ. పేజీ పైన కనిపించే నినాదం బోర్డును మాత్రం ఒక్కసారే చేసి, అన్ని పేజీల్లోనూ దాన్నే పెట్టింది.

"ఒక్కకాడ మారిస్తే అన్నిట్ల మారుతది. మల్ల మల్ల పరేషాన్ ఎందుకు?" అనేది నవ్వుతూ.

రాష్ట్రం వచ్చిందని టీవీలో చెప్పగానే జనం ఆమె సెంటర్‌కు ఉరికారు. అక్క బోర్డు మీది "తెలంగాణ కావాలె" చెరిపి, "తెలంగాణ వచ్చింది" అని టైపు చేసింది. రోజూ దీక్షా శిబిరంలో కూర్చున్న గాజులు అమ్మే అవ్వను పిలిచి, ఆ మార్పును సైట్‌లో పెట్టే బటన్ ఆమెతోనే నొక్కించింది.

"మా పెద్దవంగరకు గూడ వచ్చిందా, బిడ్డా?" అంది అవ్వ.

అక్క ఆ ఊరి పేజీ తెరిచి చూపించింది. "వచ్చిందే, అవ్వా!"

ఎప్పుడూ కంప్యూటర్ ముందు కుర్చీలోంచి కదలని మా అక్కను అవ్వ చెయ్యి పట్టి లేపి, నడిరోడ్డు మీద ఆడించింది.